పెరటి ప్రశ్నలు: ఈ నెలంతా పుల్ల చెర్రీ గోలే

సెలవులకి అమెరికా పిల్లలంతా వచ్చి వెళ్ళినట్టున్నారు, ఈసారి ఉత్తరాల్లోనూ వాట్సాప్‌లోనూ ఎక్కడ చూసినా చెర్రీయే. మామిడి అంట్ల గురించి అడిగినవాళ్ళు ఏమనుకోకండి, మీవి వచ్చే నెల చూద్దాం.

ప్రశ్న (రాజాం నుంచి ఒక గృహిణి): మాస్టారూ నమస్తే. మా పెద్దమ్మాయి మిషిగన్‌లో ఉంటుందండీ, కిందటిసారి వచ్చినప్పుడు మాంట్‌మొరెన్సీ టార్ట్ చెర్రీ అని ఎండబెట్టిన పళ్ళ ప్యాకెట్ తెచ్చింది, ఆ పులుపు నాకు తెగ నచ్చీసింది. అదే పేరు రాసున్న మొక్క ఆన్‌లైన్‌లో కనబడితే 850 పెట్టి తెప్పించి పెరట్లో నూతి పక్కన వేసేను. రెండేళ్ళయింది, నా ఎత్తు పెరిగింది, ఈ ఏడు రెండుసార్లు కాసింది కూడానూ. పండు ఎర్రగా పుల్లగా ఉంది. అమ్మాయి వీడియో కాల్‌లో చూసి అమ్మా ఇది మా దగ్గర దొరికే చెర్రీలా లేదు అంటోంది, పక్కింటావిడేమో ఇదేదో అమెరికా రేగు అంటోంది. ఫోటోలు పెట్టేను, చూసి చెప్పండి.

జవాబు: అమ్మా, అది మాంట్‌మొరెన్సీ కాదు. అలాగని పీకీయకండి, ఆగండి.

మీరు పంపిన నాలుగు ఫోటోల్లో మూడోది చాలు నాకు. కొమ్మ మీద ఆకులు జంటజంటగా ఎదురెదురుగా ఉన్నాయి, అంచు నున్నగా ఉంది. చెర్రీకి అలా ఉండదు, ఒకాకు ఇటు ఒకాకు అటు వస్తాయి, అంచు సన్న రంపప్పళ్ళలా ఉంటుంది. పువ్వు చూడండి, మీదానికి లేత గులాబీ రంగు, రేకుల అంచు కుచ్చులు కుట్టినట్టుంది, చెర్రీ పువ్వైతే తెల్లగా సాదాగా అయిదు రేకులు. చెర్రీ కాడ ఇంచుమించు వేలెడుంటుంది, మీ పండేమో కొమ్మని కరుచుకుని ఉంది. ఇంకా అనుమానం ఉంటే ఒక పండు తెంపి తొడిమ వైపు నుంచి చూడండి, గుండ్రంగా కాకుండా మూడు పాయలుగా కనిపిస్తుంది, నొక్కితే లోపల గరుగ్గా మూడు గింజలొస్తాయి. చెర్రీకి నున్నటి టెంక ఒక్కటే. మీ పెరట్లో ఉన్నది బార్బడోస్ చెర్రీ, దాన్నే ఎసిరోలా అని కూడా అంటారు. పేరులో చెర్రీ ఉందే గానీ అసలు చెర్రీతో దానికి చుట్టరికం కూడా లేదు. నర్సరీల్లో ఈ పేరుతో ఎన్ని తిరుగుతున్నాయో, సింగపూర్ చెర్రీ, సురినామ్ చెర్రీ, అన్నీ దేనికవే వేరు జాతులు, ఎర్రగా గుండ్రంగా ఉంటే చాలు చెర్రీ అని పేరు పెట్టీడమే.

అసలు మాంట్‌మొరెన్సీ ఫ్రాన్స్‌ది. పారిస్ పక్కన ఆ పేరుతో ఊరే ఉంది, అక్కడి నుంచి వచ్చిన పేరు, కొన్ని వందల ఏళ్ళ నాటి రకం. తియ్య చెర్రీ ఒకటి, పొదలా పెరిగే అడవి చెర్రీ ఇంకోటి, ఆ రెండూ కలిసి పుట్టింది పుల్ల చెర్రీ జాతి. అందులో మళ్ళీ రెండు వంశాలు, రసం తేటగా ఉండేవి అమరెల్, నల్లద్రాక్షలా ముదురు రసం ఉండేవి మొరెల్లో. మాంట్‌మొరెన్సీ అమరెల్ వంశం, పైన తోలు ఎరుపే గానీ కొరికితే లోపల పసుపు. మీ అమ్మాయి తెచ్చిన ప్యాకెట్లో పండు ముదురు రంగులో కనిపించిందంటే అది ఎండడం వల్ల, పైగా అందులో చాలామటుకు పంచదార కలిపే ఎండబెడతారు, ప్యాకెట్ వెనక చదవండి, మీకు నచ్చిన ఆ పులుపులో సగం తీపే.

ఇక మీ ఎసిరోలా. మన ఎండకి, మన ఇసక నేలకి ఇది హాయిగా పెరుగుతుంది. వాన పడ్డాక పూత పూసి మూడు నాలుగు వారాల్లో పండిపోతుంది, ఏడాదికి మూడు నాలుగు కాపులు మామూలే. నూతి పక్కన అన్నారు కదా, నీళ్ళు నిలవకుండా పాదు కొంచెం ఎత్తు చేయండి, రెండు తట్టల మాగిన గత్తం వేయండి, కాపు దిగాక ఎండిన కొమ్మలు, లోపలికి తిరిగిన కొమ్మలు కత్తిరించండి, అంతకంటే ఏం అక్కర్లేదు. విటమిన్ సి మాత్రం అపారం, వంద గ్రాముల్లో వెయ్యి మిల్లీగ్రాములు దాటుతుంది, నారింజలో యాభై చుట్టూ ఉంటుంది. రోజుకి రెండు మూడు పళ్ళు తింటే చాలు, కిడ్నీ రాళ్ళున్నవాళ్ళు దోసిళ్ళకొద్దీ తినకండి. పండు కోసేక రెండు మూడు రోజులకే పాడైపోతుంది, అందుకే బజార్లో కనబడదు, మీరు పప్పులో వేసి చూడండి, చింతపండు అక్కర్లేదు.

మోసపోయానని బాధపడకండి, నాదీ ఇదే కథ. ఒక నర్సరీలో లిచీ అంటు అని ఇస్తే ఎనిమిదేళ్ళు బిడ్డలా పెంచేను, ఎరువులు వేసేను, కోతుల కోసం వల కూడా కొన్నాను. తీరా కాసేక చూస్తే కుంకుళ్ళు! రెండూ ఒకే కుటుంబం, చిన్నప్పుడు ఆకు చూసి పోల్చడం కష్టం, అది నిజమే. కానీ మా ఆవిడ ఇప్పటికీ తలంటుకున్నప్పుడల్లా కొంచెం లిచీ నురుగు తెండి అంటుంది.

ప్రశ్న (ఎస్.కోట నుంచి ఒక యువరైతు): సార్, అరకు రోడ్డులో ఘాట్ ఎక్కేముందు మాకు మూడెకరాల గరువు భూమి ఉంది, జీడి చెట్లు ముసలివైపోయాయి. పైన అరకులో చలి ఎలాగూ ఉంటుంది కదా, మా దగ్గర కూడా డిసెంబర్లో దుప్పటి లేందే పడుకోలేం. పుల్ల చెర్రీ వేస్తే ఎకరానికి ఎనిమిది లక్షలని యూట్యూబ్‌లో ఒకాయన చెప్పేడు, మొక్కలు కూడా ఆయనే ఇస్తానంటున్నాడు. వెయ్యమంటారా?

జవాబు: వద్దు బాబూ. మొక్కలు కూడా ఆయనే ఇస్తానన్నాడు చూడు, ఆ ఎనిమిది లక్షలు ఎవరికొస్తాయో అక్కడే తెలిసిపోతోంది.

ఎందుకు వద్దంటున్నానో చెప్తాను, కొంచెం ఓపిగ్గా చదువు. చెర్రీ చలికాలంలో ఆకంతా రాల్చీసి నిద్రపోయే చెట్టు. మళ్ళీ ఎప్పుడు లేవాలో దానికి తెలియాలి కదా, అందుకని ఎన్ని గంటలు చల్లగా గడిచేయో లోపల లెక్క పెట్టుకుంటూ ఉంటుంది. సున్నా నుంచి ఏడు డిగ్రీల మధ్య గడిచిన గంటలే ఆ లెక్కలోకి వస్తాయి. మాంట్‌మొరెన్సీకి ఉజ్జాయింపుగా వెయ్యి గంటలు కావాలి, అంటే రాత్రీ పగలూ ఒక్క గంట కూడా తెగకుండా నలభై రోజుల పైన ఫ్రిజ్‌లో పెట్టినట్టుండాలి. అరకులో జనవరి రాత్రి చలి వణికించీసినా పొద్దున్న పదయ్యేసరికి స్వెట్టర్ నడుముకి కట్టుకోవాల్సిందే, ఆ పగటి ఎండ రాత్రి జమ అయిన చలిలోంచి కొంత కొట్టీస్తుంది కూడాను, చీటీ పాటలో కమీషన్ పోయినట్టు. అరకుకే చాలదంటే ఘాట్ కింద ఉన్న నీ గరువు సంగతి చెప్పేదేముంది, అక్కడ ఏడు డిగ్రీలు ఎప్పుడు చూసేవు నువ్వు?

లెక్క పూర్తి కాకపోతే చెట్టు చచ్చిపోతుందా అంటే వెంటనే పోదు, అదే మోసం. ఆకులు కొమ్మ చివర్లో మాత్రం కుచ్చులా వస్తాయి, మధ్యంతా బోడిగా ఉంటుంది, ఒక మొగ్గ మార్చిలో ఒకటి మేలో లేస్తాయి, పూత ఉంటే ఉంటుంది లేకపోతే లేదు. నువ్వేమో వచ్చే ఏడు కాస్తుంది పై ఏడు కాస్తుంది అని నాలుగేళ్ళు నీళ్ళు పోస్తావు. తక్కువ చలితో కాసే తియ్య చెర్రీ రకాలు కాలిఫోర్నియాలో తయారు చేసేరు, మినీ రాయల్, రాయల్ లీ అని, వాటిక్కూడా రెండు మూడొందల గంటలు కావాలి. మన దేశంలో చెర్రీ అంటే కాశ్మీర్, హిమాచల్ కొండలు, అక్కడ కూడా ఎక్కువ తియ్య రకాలే.

నేను ఒక జూలైలో మా అబ్బాయి దగ్గరికెళ్ళినప్పుడు మిషిగన్‌లో ట్రావర్స్ సిటీ అని, ఆ చెర్రీ దేశానికి రాజధాని లాంటి ఊరు, అక్కడ ఒక తోట చూసేను. పళ్ళు చేత్తో కోస్తారనుకున్నాను నేను. ఒక బండి వచ్చి చెట్టు మొదలు పట్టుకుంది, మన చెక్కపట్టకారు లాంటి చేతులతో, కింద రెండు వైపులా ఏటవాలుగా గుడ్డ పరిచింది, గడగడా ఒక్క ఊపు ఊపింది, లెక్కపెడితే పది సెకన్లు ఉంటుందేమో, చెట్టు మీదున్న పళ్ళన్నీ ఎర్ర వానలా రాలిపోయాయి. అవి నేరుగా చన్నీళ్ళ తొట్టిలోకి. ఎందుకంటే పుల్ల చెర్రీ మహా మెత్తన, బుట్టలో పెట్టి ఊరు దాటించలేం, ఆ నీళ్ళతోనే ఫ్యాక్టరీకి తీసుకెళ్ళి టెంక తీసి గడ్డకట్టించడమో, ఎండబెట్టడమో, రసం తీయడమో చేసీయాలి. కాడ తేలిగ్గా ఊడ్డానికి ముందు కొట్టే మందు పేరు అడిగితే నవ్వొచ్చింది, ఎథిఫాన్! మన దగ్గర అనాసకి ఒకేసారి పూత రావడానికి వాడే ఎత్రెల్ అదే కదా.

అమెరికా పుల్ల చెర్రీలో నూటికి డెబ్భై వంతులకి పైగా ఆ ఒక్క రాష్ట్రమే పండిస్తుంది, పక్కన సముద్రమంత సరస్సు ఉంది కాబట్టి వసంతం మెల్లగా వస్తుంది, తొందరపడి పూత రాదు. అంత అనువైన చోట కూడా 2012 మార్చిలో ఎండాకాలంలా వేడెక్కిపోయి మొగ్గలు విచ్చీసుకున్నాయి, ఏప్రిల్‌లో మంచు పడి మాడిపోయాయి, నూటికి తొంభై పాళ్ళ పంట పోయింది. తిత్లీ తుఫాను రాత్రి ఉద్దానం కొబ్బరి ఎలా పోయిందో అలాగ అనుకో. అది చాలదన్నట్టు టర్కీ నుంచి ఎండు చెర్రీ చవగ్గా దిగిపోతోందని 2019లో వాళ్ళు కేసు పెట్టేరు, 2020 జనవరిలో తీర్పు వాళ్ళకి వ్యతిరేకంగానే వచ్చింది. బండ్లు, ఫ్యాక్టరీలు, కోల్డ్ స్టోరేజీలు అన్నీ ఉన్న రైతుల పరిస్థితే అది.

నీ మూడెకరాల్లో ముసలి జీడిని మొదలంటా కొట్టీకుండా, బాగున్న మొక్కల్ని మోడు చేసి కొత్త చిగురు మీద మంచి రకం అంటు కట్టించు, ఖర్చు తక్కువ. దగ్గర్లో ఉన్న కృషి విజ్ఞాన కేంద్రానికి ఒకసారి నేలమట్టి పట్టుకెళ్ళు.

ప్రశ్న (టెక్కలి నుంచి ఒక మహిళా సంఘం సభ్యురాలు): బేకరీలో కేకు మీద పెట్టే ఎర్ర చెర్రీ వాక్కాయే అంటున్నారు, నిజమేనా? మా గట్ల మీద బోలెడు వాక్కాయ తుప్పలున్నాయి, మేం చేసుకోలేమా?

జవాబు: నిజమే తల్లీ. బన్నులోను, కిళ్ళీలోను, కేకు మీదా మనం చెర్రీ అనుకుని తినేదాంట్లో ఎక్కువ వాక్కాయే. రంగుకి ఎరిత్రోసిన్ అనే ఎరుపు వాడతారు, అది అనుమతి ఉన్న రంగే, మోతాదు దాటకూడదు అంతే. తూటీ ఫ్రూటీ పచ్చి బొప్పాయి అయినట్టే ఇదీనూ.

చేసుకోవచ్చు, తప్పకుండా. కాయ గట్టిగా ఉండి బుగ్గ మీద ఇప్పుడిప్పుడే గులాబీ రంగు తిరుగుతున్నప్పుడు కోయండి, బాగా పండి నల్లబడితే ముద్దయిపోతుంది. చేతికి నూనె రాసుకుని మరీ కూర్చోండి, వాక్కాయ పాలు అంటుకున్నాయంటే సబ్బుకి లొంగవు, కత్తికి కూడా రాయండి. మధ్యకి చీల్చి పిన్నీసు వెనక భాగంతో గింజలు తోడీయొచ్చు, మా అత్తగారు ఊరగాయకి అలాగే తోడేది. రాత్రంతా ఉప్పునీళ్ళలో నానబెడితే పాలూ వగరూ దిగిపోతాయి. పొద్దున్న నాలుగైదు సార్లు కడిగి, మరిగే నీళ్ళలో మూడు నిమిషాలు ఉంచి వార్చీయండి. తర్వాతదే ఓపిక పని. మొదటి రోజు పల్చటి పంచదార పాకంలో వేసి వదిలీయండి. రెండో రోజు కాయలు తీసి ఆ పాకంలో ఇంకొంచెం పంచదార వేసి మరిగించి, చల్లారేక మళ్ళీ కాయలు వేయండి, ఇలా అయిదారు రోజులు పాకం చిక్కబడుతూ తీగ వచ్చేదాకా. మొదటి రోజే చిక్కటి పాకంలో పడేస్తే కాయలో నీరంతా పీల్చీసుకుని ముడుచుకుపోయి ఎండు ఉసిరిలా అయిపోతుంది, మా వీధిలో ఒకావిడ అలాగే అయిదు కేజీలు పోగొట్టుకుంది. ఆఖర్న జల్లెడలో వార్చి నీడన ఆరబెట్టండి. ఇంట్లోకి రంగక్కర్లేదు, కాయకున్న గులాబీ చాలు. అమ్మేటట్టైతే మాత్రం ఫుడ్ సేఫ్టీ రిజిస్ట్రేషన్, లేబుల్ తప్పవు, ఆ లేబుల్ మీద వాక్కాయ అనే రాయండి, సిగ్గుపడేదేముంది అందులో.

ఇంకా మొక్కలు పెంచాలనుకుంటే బాగా పండిన కాయల గింజ కడిగి వెంటనే నాటేయండి, దాచితే మొలకెత్తదు. కంచెకైతే మీటరుకో మొక్క, మూడో ఏడు నుంచి కాపు. పశువులు ముల్లు చూసి ఆ చాయలకి రావు, నీళ్ళు మొదటి ఎండాకాలం పోస్తే చాలు. పంత్‌నగర్ వాళ్ళ పంత్ మనోహర్, పంత్ సుదర్శన్ అని రకాలున్నాయి గానీ మీ గట్టు మీద పెద్ద కాయ కాసే తుప్ప ఏదో మీకే తెలుసు కదా, ముందు దాని గింజ తీయండి.

ప్రశ్న (కవిటి మండలం నుంచి ఒకరు): నాన్నగారికి కిడ్నీ సమస్య, క్రియాటినిన్ 3 దాటింది, డయాలసిస్ ఇంకా మొదలెట్టలేదు. మోకాళ్ళ నొప్పులు, నిద్ర పట్టదు. బెంగుళూరు నుంచి తమ్ముడు పుల్ల చెర్రీ రసం సీసా పంపేడు, నొప్పికీ నిద్రకీ మంచిదట. ఇవ్వొచ్చా?

జవాబు: సీసా మూత తీయకండి, ముందు ఆయన్ని చూస్తున్న కిడ్నీ డాక్టరుకి చూపించండి. చెర్రీ రసంలో పొటాషియం ఉంటుంది, చిక్కబెట్టిన రసమైతే ఇంకా ఎక్కువ, దెబ్బతిన్న కిడ్నీ దాన్ని బయటికి పంపలేకపోతే గుండెకి ముప్పు. ఆ పండులో మెలటోనిన్ అనే నిద్ర పదార్థం కొద్దిగా ఉన్నమాట నిజమే, గౌట్ నొప్పికి, అంటే యూరిక్ యాసిడ్ పేరుకుని వచ్చే కీళ్ళ నొప్పికి, పనికొస్తుందేమోనని చిన్న చిన్న పరీక్షలు జరిగినమాటా నిజమే, అవన్నీ కిడ్నీ బాగున్నవాళ్ళ ముచ్చట్లు. ఇంకో మాట, మోకాళ్ళ నొప్పని మెడికల్ షాపులో అడిగి మాత్ర తెచ్చి మింగించకండి, చాలా నొప్పి మాత్రలు కిడ్నీని ఇంకా పాడుచేస్తాయి. స్టార్ ఫ్రూట్ అని కోస్తే నక్షత్రంలా ఉండే పుల్ల కాయ పెరట్లో ఉంటే అది నాన్నగారికి ఒక్క ముక్క కూడా పెట్టొద్దు, కిడ్నీ రోగులకి అది విషమే.

ప్రశ్న (బొబ్బిలి నుంచి తొమ్మిదో తరగతి అమ్మాయి): మాస్టారు గారూ, మావయ్య వైజాగ్ నుంచి కాశ్మీర్ చెర్రీలు తెచ్చేరు. తిని టెంకలు కుండీలో పాతేను. ఇరవై రోజులకి మొలకొచ్చింది! చెట్టయితే చెర్రీలు కాస్తాయా?

జవాబు: ఇరవై రోజులకే వచ్చిందా అమ్మలూ? చెర్రీ టెంకకి కూడా చలి లెక్క ఉంటుంది, తడి ఇసకలో పెట్టి ఫ్రిజ్ కింద అరలో మూడు నెలలు ఉంచితే గానీ లేవదు. ఈసారి అలా చేసి చూడు, మొలక రావచ్చు, బొబ్బిలి ఎండకి కాయ మాత్రం కాయదు, సైన్సు ప్రాజెక్టుకి పనికొస్తుంది. టెంక పగలగొట్టి లోపలి పప్పు మాత్రం తినకు, అందులో విషపదార్థం ఉంటుంది. ఇప్పుడు కుండీలో ఉన్నదాని ఫోటో పంపు, నాకెందుకో అది ఉత్తరేణిలా అనిపిస్తోంది, గలిజేరైతే పప్పులో వేయమని అమ్మకి చెప్పు.